బీరు కుళాయిల పైన నీళ్లాయన

పోయిన వారం మా ఇంటికి రంగులు వేయించాం. అటక మీది సామానంతా వరండాలోకి దించితే, నేను బహ్రెయిన్ నుంచి తెచ్చుకున్న రేకు పెట్టె ఒకటి బయటపడింది. గొళ్లెం తుప్పు పట్టిపోయి, సుత్తి తెస్తేగాని ఊడిరాలేదు. లోపల ఒక ఉన్ని దుప్పటి, దాని కింద ఆరు ఆర్డరు పుస్తకాలు. హోటళ్లలో పనిచేసినవాళ్లకి ఇవి తెలుస్తాయి. అరచేతి వెడల్పున ఉంటాయి. ప్రతి చీటీ పైన టేబుల్ నెంబరు, ఎంతమంది కూర్చున్నారు అని గళ్లుంటాయి. మధ్యలో కార్బను పెట్టి రాస్తే పై చీటీ కౌంటరుకి వెళుతుంది, కింది చీటీ పుస్తకంలో ఉండిపోతుంది. ఎవరికేం కావాలో రాసుకోవలసిన ఆ చీటీల మీద నేను మనుషుల కథలు రాశాను. టేబుల్ నెంబరు గడిలో వాళ్ల ఇంటి నెంబరు, ఎంతమంది అనే గడిలో వాళ్ల వయసు. ఇన్నేళ్లకి కార్బను నీలం చాలావరకు ఎగిరిపోయింది. "చిత్తుకాగితాలవాడు వీధిలోనే ఉన్నాడు. వీటిలో ఏం ఉంచమంటారు?" అంది మా ఆవిడ, కొంగుతో ముక్కు మూసుకుని. నేను నాలుగో పుస్తకం చేతిలోకి తీసుకున్నాను. ఏ చీటీ కోసం వెతుకుతున్నానో ఆవిడకి తెలుసు. మిగతా ఐదూ చంకలో పెట్టుకుని ఇంకేమీ అడక్కుండా వెళ్లిపోయింది.

రెండువేల నాలుగో, ఐదో అయి ఉండాలి. బహ్రెయిన్ రాజధాని మనామాలో ఉమ్మ్ అల్ హస్సామ్ అనే పేటలో, మూడంతస్తుల చిన్న హోటలు ఒకటి ఉండేది. దాని కింది అంతస్తులో ఒక పబ్బు. అందులో నేను పనిచేసేవాణ్ణి. నన్ను కెప్టెన్ అనేవారు. ఓడ లేదు, సైన్యం లేదు. నల్ల ప్యాంటు, మెడకి బో టై, చేతిలో ఆర్డరు పుస్తకం, అంతే. పెద్ద హోటళ్ల బారుల్లా అక్కడ సంగీతాలు, ఆటలు ఉండేవి కావు. ఆ చుట్టుపక్కల అద్దె ఇళ్లలో ఉండేవాళ్లు, హిద్ రేవు దగ్గర ఓడల పని చేసే ఇంజినీర్లు డ్యూటీ దిగి వచ్చి, రోజూ కూర్చునే కుర్చీలోనే కూర్చుని, నిన్నటి మాటే మళ్లీ మాట్లాడుకుని వెళ్లేవారు. నేను చుక్క ముట్టను. దానికి కారణం మా మామగారు. కొబ్బరితోట మొత్తాన్ని సీసాలోకి వంచుకుని తాగేసిన మనిషి ఆయన. పెళ్లిచూపుల్లో మా ఆవిడ తల ఎత్తి నన్ను అడిగింది ఒక్కటే: "మీరు తాగుతారా?" లేదన్నాను. అది నిజం. తర్వాత గల్ఫ్ వెళ్లి బారులో చేరినప్పుడు, నువ్వు పోస్తావా అని ఆవిడ అడగలేదు కదా అని నాకు నేను సర్దిచెప్పుకుని, భోజనాల హాల్లో పని దొరికిందని చెప్పాను. ఫోను చేసినప్పుడల్లా ఆవిడ ముచ్చటగా, "ఇవాళ మీ హాల్లో ఏం కూర?" అనేది. నేను బెండకాయ అనో, దొండకాయ అనో చెప్పేవాణ్ణి. ఆరేళ్లపాటు నేను వండని, వడ్డించని, చూడని కూరల పేర్లు చెప్పాను. ఒకే కూర వరసగా రెండు రోజులు చెప్పకుండా ఎంత జాగ్రత్త పడేవాణ్ణో తలచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

మా మేనేజరు ఇంగ్లండు మనిషి. వాళ్ల ఊళ్లో వీధి చివర పబ్బు ఉండేదట. దాని గోడల నిండా ఆ వీధివాళ్ల పాత ఫొటోలు, ఎవరి తాత ఏ వంతెన కట్టాడు, ఏ వరదకి ఏ గోడ కూలింది అన్న కథలు వేలాడుతూ ఉండేవట. అలాంటి గోడ లేని పబ్బు రైల్వే వెయిటింగు రూములాంటిది అనేవాడు. ఒకరోజు మధ్యాహ్నం మా అందరినీ పిలిచి, మన గోడల మీద ఈ వీధి కథ ఉండాలి అన్నాడు. మేం ఒకరి ముఖాలొకరు చూసుకుని నవ్వాం. ఆ వీధిలో పుట్టినవాళ్లు పిల్లులు తప్ప ఎవరూ లేరని మా నమ్మకం. మంగలి పెషావరు నుంచి, టీకొట్టు కేరళ నుంచి, బట్టలు కుట్టేవాడు ఢాకా నుంచి. అందరూ ఎక్కడి నుంచో వచ్చి, ఎక్కడికో పోవడానికి రోజులు చూసుకుంటున్నవాళ్లే. మేనేజరు నావైపు తిరిగి, "నువ్వు అందరితోనూ మాట్లాడతావు కదా, నువ్వు సేకరించు" అన్నాడు. నమూనాగా ఒక ఫ్రేము చూపించాడు. పైన ఫొటో, కింద పది లైన్ల కథ, దాని కింద చిన్న అక్షరాల్లో, సేకరించినవారు అని నా పేరు. పదో తరగతి మార్కుల కాగితం తర్వాత నా పేరు అచ్చులో చూడటం అదే. ఆ చిన్న అక్షరాలు నా తలకెక్కాయి.

కథలు అడగటం మొదలుపెడితే తెలిసింది, గల్ఫ్‌లో ఏ మనిషిని కథ అడిగినా, తనకి వీసా ఇచ్చి పనికి తెచ్చుకున్న కఫీలు కథే చెబుతాడు. పాస్‌పోర్టు ఎక్కడుంది, సెలవు ఎప్పుడిస్తాడు, అదీ కథ. వాటితో గోడ నిండదు. నేను కాస్త మెరుగులు దిద్దడం నేర్చుకున్నాను. పెషావరు మంగలి నిజానికి విమానంలో, కిటికీ పక్క సీటులో, వాంతి చేసుకుంటూ వచ్చినవాడు. నేను అతన్ని కరాచీ నుంచి కొయ్య పడవలో, జీలకర్ర బస్తాల మధ్య దాక్కుని వచ్చినట్టు రాశాను. ఫ్రేము చూసి కోప్పడతాడనుకున్నాను. అతను రెండుసార్లు చదివించుకుని, మీసం సవరించుకుని వెళ్లిపోయాడు. నెల తిరక్కముందే క్షవరానికి కూర్చున్న నాకే, "ఆ జీలకర్ర ఘాటు ఇప్పటికీ ముక్కులో ఉంది భాయ్" అని చెప్పాడు. ఒక మనిషి జ్ఞాపకంలో నేను కల్తీ కలిపానని అప్పుడు తోచలేదు. గర్వంగానే అనిపించింది.

వీధి చివర ఒక పాత ఇల్లుండేది. దాని ప్రహరీ గోడ బయట, రోడ్డు మీద పోయేవాళ్ల కోసం ఒక నీళ్ల కూలరు పెట్టి ఉండేది. గొలుసుకి కట్టిన స్టీలు గ్లాసు, పైన ఎండ పడకుండా చిన్న రేకు. ఆ దేశంలో చాలా ఇళ్ల ముందు అలా ఉంటాయి. పుణ్యం కోసం పెడతారు. ఆరేళ్లుగా నేను డ్యూటీకి వెళుతూ నా సీసా అక్కడే నింపుకునేవాణ్ణి. ఎవరు పెట్టారన్నది ఒక్కరోజూ ఆలోచించలేదు. సాయంత్రం నమాజు తర్వాత ఆ గోడ పక్క బెంచీ మీద ఒక ముసలాయన కూర్చునేవాడు. ఎనభై దాటి ఉంటాయి. వీధంతా హాజీ అనేవారు. ఆయన కారు నడిపేది నిజామాబాద్ వైపు నుంచి వచ్చిన మన తెలుగు ముస్లిం ఒకాయన. నాకు టీకొట్టు దగ్గర పరిచయం. నేను భాయ్ అనేవాణ్ణి, ఆయన నన్ను అన్నా అనేవాడు, వయసులో నాకన్నా పెద్దయినా. ఒకరోజు ఆయనే అన్నాడు: "అందర్నీ కతలు అడుగుతున్నవ్ గదన్నా. గీ వీధిల పుట్టినోడు ఒక్కడే ఉన్నడు. గాయన్ని అడుగవైతివి." పిల్లులు కాక ఇంకెవరా అని చూస్తే, హాజీ.

హాజీ అరబ్బీలో చెప్పేవాడు, భాయ్ తెలుగులో నాకు చెప్పేవాడు, నేను ఇంగ్లీషులో చీటీ మీద రాసేవాణ్ణి. అందుకే ఇప్పటికీ నా జ్ఞాపకంలో ఆ అరబ్బు పెద్దాయన నిజామాబాద్ తెలుగే మాట్లాడతాడు. మీ చిన్నప్పుడు ఈ వీధి ఎలా ఉండేది అని అడిగాను. ఆయన కూలరు వైపు చెయ్యి చూపించాడు. "నీళ్లు," అన్నాడు భాయ్. "నీళ్ల సంగతి రాసుకోమంటుండు." తర్వాత విన్నది నాకు సగం రాయడానికి, సగం నమ్మడానికి చేతకాలేదు. ఆ దీవి చుట్టూ సముద్రం అడుగున తీపినీళ్ల ఊటలుండేవట. నేలమీది బావుల్లో ఉప్పు తగిలిన ఇళ్లకి, ఎండాకాలం పడవలమీద ఉండేవాళ్లకి అవే తాగునీళ్లు. హాజీ వాళ్ల నాన్న వృత్తి ఆ నీళ్లు తేవడం. పన్నెండో ఏటినుంచి హాజీ తండ్రి పడవలోంచి తోలుతిత్తి పట్టుకుని సముద్రంలోకి దూకేవాడు.

"కండ్లు మూసుకునే పోవాలె బిడ్డా," అన్నాడు హాజీ, భాయ్ గొంతులో. "చేతులతోని దేవులాడితే దొర్కది. మొకంతోని దేవులాడాలె. ఉప్పునీళ్లు ఎచ్చగుంటయ్. వాటి నడుమ ఒక్కతాన సల్లగ తాకుతది, ఎవరో దగ్గర కూసోని ఊదినట్టు. గదే ఊట." ఆ చల్లదనం మీద తిత్తి మూతిని ఆనించి పిడికిలి సడలించాలి. నీళ్లు వాటంతటవే లోపలికి పొంగుతాయి. నిండగానే మూతి బిగించి కట్టి పైకి రావాలి. పిడికిలి ఒక్క క్షణం ముందు వదిలినా, ఒక్క క్షణం ఆలస్యంగా బిగించినా, ఉప్పు కలుస్తుంది. బయటికి అన్ని తిత్తులూ ఒక్కలాగే ఉంటాయి. లోపల ఏముందో నింపినవాడి చేతికే తెలుసు. అందుకని ఆ ఇంట్లో ఒక నియమం. నీళ్లలోంచి తల పైకి రాగానే, పడవ అంచు పట్టుకుని, ఊపిరి తీసుకోవడానికంటే ముందు ఒక్క మాట చెప్పాలి. తీపి అయితే హిలో. ఉప్పయితే మాలిహ్. "మాలిహ్ అంటే నాయిన ఏమనకపోతుండె. పారబోసి మల్ల దుంకు అంటుండె. చెప్పకుంట తిత్తి పడవల పెట్టినోనికి మాత్రం మల్ల తిత్తి ఇయ్యకపోతుండె." ఇంకొక నియమం కూడా ఉండేది. నీళ్లు ఊళ్లోకి వచ్చాక పసిపిల్లల ఇళ్లకి ముందు, మిగతావాళ్లకి తర్వాత. నింపినవాడు అందరికన్నా చివర తాగాలి.

నేను గోదావరి కాలవ గట్టున పుట్టినవాణ్ణి. మా ఊళ్లో నీళ్లు గుమ్మం దాకా వచ్చి, ఒక్కోసారి గుమ్మం దాటి కూడా వస్తాయి. నీళ్ల కోసం నీళ్లలోకి దూకారన్న మాట విని పెన్ను ఆగిపోయింది. మరుసటి శుక్రవారం హాజీ మమ్మల్ని కారులో సీఫ్ తీసుకువెళ్లాడు. సీఫ్ అంటే అరబ్బీలో ఒడ్డు అని భాయ్ దారిలో చెప్పాడు. అక్కడ ఒడ్డేమీ లేదు. పెద్ద పెద్ద మాల్స్, ఆఫీసు భవనాలు. సముద్రాన్ని పూడ్చి కట్టినవి. ఒక మాల్ వెనక కార్లు పెట్టే చోట హాజీ దిగి, ఎవరి ఇంటి గుమ్మమో వెతుక్కుంటున్నట్టు కార్ల మధ్య నడిచి, ఒక దీపస్తంభం పక్కన ఆగి, చెప్పు విడిచి, ఆ కాలే తారు మీద వట్టి పాదం మోపాడు. "ఈడనే," అన్నాడు భాయ్, ఈసారి చాలా మెల్లగా. జూలై ఎండ. హాజీ ముఖం మీద మాత్రం ఎవరో దగ్గర కూర్చుని ఊదుతున్నట్టు ఒక నెమ్మది. ఇంకా కింద నీళ్లు వస్తున్నాయా అని అడిగాను. "ఊట ఆగిందో, మనం మూసినమో. అల్లాకే ఎర్క." నేను కూడా చెప్పు విడిచాను. రెండు క్షణాలు నిలబడలేక ఎగిరి గంతేశాను. హాజీ నవ్విన నవ్వుకి పక్క కారులో పాప కూడా నవ్వింది.

తిరిగి వచ్చాక లోపలి గదిలోంచి ఒక ఫొటో తెచ్చాడు. ఆయన తండ్రి. భుజాన ఉబ్బిన తిత్తి, మోకాళ్ల దాకా తడి, కళ్లు ఎండకి చిట్లించి. ఎవరో తెల్లవాడు తీసి పంపినదట. ఆ మనిషికి ఈ లోకంలో మిగిలిన ఫొటో అదొక్కటే. పెద్దది చేయించుకుని తిరిగి ఇమ్మన్నాడు. ఇచ్చేముందు నా కళ్లలోకి చూసి అడిగాడు, భాయ్ తెలుగు చేశాడు: "ఏడ పెడ్తవ్ అని అడుగుతుండు." అప్పుడు చెప్పి ఉండవలసింది. చెబితే ఫొటో ఇవ్వడనుకున్నాను. ఆ ఫొటో లేకపోతే నా గోడ అంతా జీలకర్ర బస్తాలే. నా నాలుక ఆరేళ్లుగా అరిగిన దారిలోనే జారింది. "హోటల్లో, భోజనాల హాల్లో" అన్నాను. "ఫొటో కింద మంది నీళ్లు తాగుతరా అంటుండు." తాగుతారు అన్నాను. హాజీ తల ఊపి, ఫొటోని రెండు చేతులతో ఇచ్చాడు. కారు దాకా వచ్చి భాయ్ నన్ను ఆపాడు. "అన్నా, నేను డ్రైవర్ని. బండి నడుపుత, మాట నడుపుత. అబద్ధం మోసుడు నా డ్యూటీల లేదు. ఇగ నడుమల నన్ను పెట్టకు." నీకు పుణ్యముంటుంది భాయ్, చెప్పకు అన్నాను. "నేను చెప్ప. అడిగితే దాయ," అన్నాడు. "రెంటి నడుమ నువ్వెంత సేపు ఈదుతవో చూస్త."

మేనేజరు ఆ కథ నిలబడే చదివేశాడు. తర్వాత, ఇంత గొప్ప ఫొటోకి ఇంతకన్నా మంచి చోటు లేదని, కౌంటరు మధ్యలో, మూడు బీరు కుళాయిల నెత్తిన దాన్ని స్వయంగా మేకు కొట్టి తగిలించాడు. అతని దృష్టిలో అది సింహాసనం. రోజూ వచ్చేవాళ్లు గ్లాసెత్తి నీళ్లాయనకి దణ్ణం పెట్టడం మొదలుపెట్టారు. ఎగతాళికి కాదు, కథ చదివి, నిజంగానే. ఒక ఓడ ఇంజినీరు ఆ పది లైన్లూ చదివి కళ్లు తుడుచుకుని, ఇంకో గ్లాసు అడిగాడు. నేను పోశాను. కుళాయి వంచినప్పుడల్లా తల పైకెత్తకుండా ఉండటం అలవాటు చేసుకున్నాను. అయినా రోజుకి ఒకసారి, ఎవరూ చూడనప్పుడు, ఆ ఫ్రేము కింద చిన్న అక్షరాల్లో ఉన్న నా పేరు చదువుకునేవాణ్ణి. అసలు ఫొటోని నేను తీసుకువెళ్లి ఇవ్వలేదు. భాయ్ చేత పంపించాను. ఆ బెంచీ ముందునుంచి నడవడం మానేసి వెనక సందులోంచి డ్యూటీకి వెళ్లేవాణ్ణి. సీసా టీకొట్టులో నింపుకునేవాణ్ణి. "హాజీ అడుగుతుండు, నీ దోస్తు దిక్కు మారిండా, దారి మారిండా అని," అనేవాడు భాయ్ అప్పుడప్పుడు. అలా వేసవి గడిచింది. మూడు నెలలు.

అప్పుడు హాజీ కబురు పెట్టాడు, గోడ మీద పెట్టిన తండ్రి ఫొటో చూడాలని ఉందని. ఇవాళ, రేపు అని దాటవేశాను. అంతలో ఒక ఉపాయం తట్టింది. రంజాను వస్తోంది. ఆ నెలంతా బారులు మూసేస్తారు. మేనేజరు సెలవు మీద ఇంగ్లండు వెళతాడు. సీసాల అరలకి తెల్ల టేబుల్ గుడ్డలు కడితే, కుర్చీలు సర్ది బల్లల మీద పళ్లేలు పెడితే, అది భోజనాల హాలు కాదని ఎవరంటారు? అబద్ధాన్ని ఒప్పుకోవడానికి బదులు, నేను దానికి ఇల్లు కట్టాను. ఒక సాయంత్రం రోజా, అంటే ఆనాటి ఉపవాసం, విడిచే వేళకి రమ్మని హాజీకి, భాయ్‌కి కబురు చేశాను. ఖర్జూరాలు, పళ్లు, గోధుమలు మాంసం కలిపి మెత్తగా ఉడికించే హరీస్ తెప్పించాను. అరల ముందు గుడ్డలు కట్టాను. మిగిలినవి మూడు బీరు కుళాయిలు. పొడుగ్గా, ఇత్తడి పిడులతో నిలబడి ఉంటాయి. గుడ్డ వేస్తే జారిపోతోంది. చివరికి వంటవాళ్ల తెల్ల టోపీలు మూడు తెచ్చి వాటికి తొడిగాను.

హాజీ ఉతికిన తెల్ల దుస్తుల్లో, భాయ్ చెయ్యి పట్టుకుని వచ్చాడు. గుమ్మంలో నిలబడి హాలంతా నెమ్మదిగా చూశాడు. తండ్రి ఫొటో చూసి గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు. తర్వాత చూపు కిందికి దిగింది. ఏదో అన్నాడు. భాయ్ పెదవి కొరుక్కుంటూ, "గా టోపీలోళ్లు ముగ్గురెవరని అడుగుతుండు," అన్నాడు. అలంకారం అన్నాను. "ఉపాసమున్నట్టున్నరు పాపం అంటుండు." నేను నవ్వబోయాను. నవ్వు రాలేదు. కూర్చున్నాం. మసీదు నుంచి పొద్దుగూకే వేళ మగ్రిబ్ అజాన్ వినపడగానే నేను నీళ్ల గ్లాసు హాజీ ముందు పెట్టాను. ఆయన దాన్ని మర్యాదగా, ఒక వేలితో పక్కకి జరిపాడు. భాయ్ చేతిలోని సంచీ అందుకుని, అందులోంచి ఒక ఫ్లాస్కు, మూడు స్టీలు గ్లాసులు తీసి బల్ల మీద పెట్టాడు.

ఇక్కడి గ్లాసులో నీళ్లు కూడా ముట్టకూడదని ఆయన ఇంటి నుంచే తెచ్చుకున్నాడని అప్పుడు అర్థమైంది. ఈ హోటలు కట్టకముందు నుంచి, ఈ వీధి వీధి కాకముందు నుంచి ఆ మనిషి ఇక్కడ ఉన్నాడు. ఏ గుమ్మంలోంచి ఎవరు ఎలా తూలుతూ బయటికి వస్తారో ఏళ్ల తరబడి ఆ బెంచీ మీంచి చూస్తున్నాడు. ఆయన పుట్టిన వీధిలో ఏ దుకాణం ఏదో ఆయనకే అబద్ధం చెప్పాను నేను. హాజీ ఖర్జూరంతో రోజా విడిచి, తన నీళ్లు రెండు గుక్కలు తాగాడు. భాయ్‌కి పోశాడు. మూడో గ్లాసు ఖాళీగా నా ముందు పెట్టాడు. అప్పుడు నావైపు తిరిగి, పడవలోంచి వంగి నీళ్లలోని పిల్లవాణ్ణి అడిగినట్టు అడిగాడు: "హిలో? మాలిహ్?"

ఆ రెండు మాటలకి భాయ్ అవసరం లేకపోయింది.

"మాలిహ్," అన్నాను. తర్వాత మొత్తం చెప్పాను. ఇది బారని, ఆ టోపీల కింద ఏమున్నాయో, ఫొటో ఎందుకు కావలసి వచ్చిందో, నా పేరు అచ్చులో చూసుకోవాలన్న యావ, మంగలి జీలకర్ర, ఇంట్లో చెప్పే కూరలు. భాయ్ ఒక్క మాట వదలకుండా అరబ్బీ చేశాడు. కూరల దగ్గర మాత్రం కాస్త ఇబ్బంది పడ్డాడు. దొండకాయకి అరబ్బీ మాట ఆయనకి తెలియదు. అంతా విని హాజీ నెమ్మదిగా చెప్పాడు. "నాకు తొల్తనే ఎర్క అంటుండు అన్నా." మరి ఎందుకు ఇచ్చారు, మీ నాన్నగారి ఫొటో ఇలాంటి చోట మూడు నెలలు ఎందుకు ఉండనిచ్చారు అని అడిగాను. హాజీ ఫొటో వైపు చూశాడు. "నాయిన ఎన్నేండ్లో ఉప్పుల దిగిండు. ఆయనకు ఉప్పు అంటలే. నా ఫికరు ఆయన గురించి గాదు బిడ్డా. నువ్వు నీళ్లలకెళ్లి ఎప్పుడు తల పైకి తీస్తవా అని చూస్తున్న."

ఫ్రేము నా చేతులతోనే దింపమన్నాడు. కుర్చీ ఎక్కి దింపాను. దింపుతుంటే టోపీ ఒకటి ఊడి కింద పడింది. ఇత్తడి పిడి తళతళలాడుతూ బయటపడింది. ఫ్రేముని హాజీ ఒళ్లో పెట్టాను. దాని మీది దుమ్ముని ఆయన అరచేత్తో తుడిచి, నా పేరున్న చోట ఒక్క క్షణం వేలు ఆపి, అక్కడ కూడా తుడిచాడు. తర్వాత ఫ్లాస్కులో మిగిలిన నీళ్లు నా గ్లాసులో పోశాడు. "నింపినోడు ఆఖర్ల తాగాలె," అన్నాడు భాయ్, ఎవరి మాటగానో చెప్పకుండా. తాగాను. నేను ఆరేళ్లు సీసాలో నింపుకున్న ఆ కూలరు నీళ్లే. వాటికి ఒక రుచి ఉందని ఆ రోజు తెలిసింది. వెళుతూ గుమ్మం దగ్గర హాజీ వెనక్కి తిరిగాడు. "పారబోసినవ్ గద. మల్ల దుంకు."

మర్నాడు కార్డు కొనుక్కుని ఇంటికి ఫోను చేశాను. "ఇవాళ ఏం కూర?" అంది మా ఆవిడ. కూర లేదు, నేను బారులో మందు పోస్తాను, వచ్చినప్పటినుంచీ అదే పని అన్నాను. ఆవిడ ఫోను పెట్టేసిన చప్పుడు కూడా సరిగ్గా వినపడలేదు. పన్నెండు రోజులు ఆవిడ ఫోను ఎత్తలేదు. పదమూడో రోజు ఎత్తి, పలకరింపు లేకుండా అడిగింది: "మీ హాలు గోడ మీద అందరి కథలూ పెడుతున్నామని గొప్పలు పోయారు కదా. తాగేవాడి ఇంట్లోవాళ్ల కథ ఒక్కటైనా పెట్టారా?" లేదన్నాను. "అయితే రాసుకోండి," అంది. నేను ఆర్డరు పుస్తకం తెరిచి, టేబుల్ నెంబరు గడిలో మా ఇంటి నెంబరు వేసి, ఆవిడ చెప్పింది చెప్పినట్టు ఇంగ్లీషులో రాశాను. ఒక్క అక్షరం మెరుగు పెట్టలేదు. వాళ్ల నాన్న కొబ్బరితోటలో ఒక్కో చెట్టు పోయిన వరస ఆవిడకి చెట్టు చెట్టుగా గుర్తుంది. సెలవు నుంచి వచ్చాక మేనేజరుకి జరిగిందంతా చెప్పి, ఆ చీటీ పై కాగితం ఇచ్చాను. చదివాడు. గోడకి తగిలించలేదు, చింపలేదు. మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఖాళీ మేకుని ఏమైనా చేద్దామా అని అడిగితే, అలా ఉండనీ అన్నాడు. మంగలి ఫ్రేము మాత్రం నేనే దింపి విమానం కథ రాసి పెట్టాను. అతను నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. కొయ్య పడవ కథ చెప్పడం ఎక్కడా మానలేదు కూడా. ఒకసారి కలిసిన ఉప్పుని వేరు చేయలేమని అతన్ని చూసినప్పుడల్లా అనుకునేవాణ్ణి.

మరుసటి ఏడు ఆ పని వదిలేసి సీఫ్‌లో ఒక మాల్ సామాను స్టోరులో చేరాను. జీతం తక్కువ. నా దారి ఆ దీపస్తంభం పక్కనుంచే. హాజీ పోయాడని భాయ్ ఫోను చేసిన రోజు, డ్యూటీ దిగి వెళ్లి అక్కడ చెప్పులు విడిచి నిలబడ్డాను. అప్పటికి చలికాలం, నిలబడగలిగాను.

నాలుగో పుస్తకంలో హాజీ చీటీ దొరికింది. దాని వెనక చీటీయే మా ఆవిడది. రెండింటి మీదా కార్బను నీలం దాదాపు ఎగిరిపోయింది. వెలుగుకి ఎదురుగా పెట్టి చూస్తే పెన్ను నొక్కిన గాడులు మాత్రం కనిపిస్తున్నాయి. హాజీ చీటీలో ఎంతమంది అనే గడిలో ఎనభై మూడు అని ఉంది. ఆ వయసులో మనిషికి మిగిలి ఉండేది ఎంత? అందులోంచి ఆయన మూడు నెలలు తీసి, ఒక్కసారి కూడా నిలదీయకుండా, నేను తల పైకెత్తేదాకా బెంచీ మీద కూర్చుని నా కోసం ఖర్చుపెట్టాడు. తన కాలాన్ని అలా ఎదుటివాడికి పోసిన ఇంకో మనిషిని నేను మళ్లీ చూడలేదు.